కుర్రాళ్ల చొక్కాల మీద ప్రింట్లు ఎలా మారతాయి, ఆ మార్పును ఎలా పట్టుకోవాలి

వచ్చే సీజన్‌కి కుర్రాళ్ల చొక్కాల్లో ఏ ప్రింట్లు నడుస్తాయి? బట్టల షాపు పెట్టినవాళ్లు, గార్మెంట్ యూనిట్ నడిపేవాళ్లు, ఫ్యాషన్ డిజైన్ చదివే విద్యార్థులు ఎప్పుడూ వెతికేది ఈ జవాబు కోసమే. వెతికితే దొరికేది చాలావరకు ఒక జాబితా: పూలు, కొబ్బరాకులు, గళ్లు, చారలు, మామిడి పిందెలు, అబ్‌స్ట్రాక్ట్ డిజైన్లు. ఆ జాబితాలో అబద్ధమేమీ ఉండదు. కానీ పదేళ్ల కిందట రాసినా అదే జాబితా, పదేళ్ల తర్వాత రాసినా అదే. మగవాళ్ల బట్టల మీద బొమ్మలు మారేది తక్కువ. బొమ్మ సైజు మారుతుంది, బేస్ కలర్ మారుతుంది, అచ్చు వేసే బట్ట మారుతుంది, అచ్చు వేసే పద్ధతి మారుతుంది, చొక్కా కట్ మారుతుంది. ట్రెండ్ పరిశోధన నిజంగా పనికి రావాలంటే ఇవన్నీ రాసిపెట్టుకోవాలి. ‘ఫ్లోరల్’ అని ఒక్క మాట రాసుకుంటే దాంతో ఎవరికీ ఏమీ తెలియదు.

మందార పువ్వునే తీసుకుందాం. నల్లటి రేయాన్ మీద అరచేతికన్నా పెద్ద ఎర్ర మందారాలు, మెడ దగ్గర తెరుచుకుని ఉండే క్యూబన్ కాలర్, వదులు కట్. ఇది గోవా ట్రిప్‌కో సంగీత్ ఫంక్షన్‌కో కొనే చొక్కా. అదే మందారాన్ని తెల్లటి కాటన్ మీద గోరంత సైజులో, నేవీ బ్లూలో వేసి, మామూలు కాలర్‌తో స్లిమ్ ఫిట్‌గా కుడితే ఆఫీసుకి వేసుకెళ్లే చొక్కా అవుతుంది. కొనేవాడు వేరు, కొనే సందర్భం వేరు. రెండింటినీ ‘పూల చొక్కాలు’ అని ఒకే గడిలో వేస్తే, ఒకటి పెరుగుతూ మరొకటి తగ్గుతున్నప్పుడు మొత్తం లెక్క కదలకుండా ఉంటుంది. మార్కెట్‌లో పెద్ద మార్పే జరిగినా ఆ లెక్కలో కనబడదు.

ఈ విషయం బాగా అర్థమయ్యే చరిత్ర హవాయి చొక్కాది. ఈరోజు హైదరాబాద్ కోఠిలోనూ, విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ వేలాడుతున్న పెద్ద ప్రింట్ల హాఫ్ చేతుల చొక్కాకి మూలం హవాయి దీవుల్లో 1930ల నాటి హొనొలులు నగరం. అక్కడి దర్జీలు జపాన్ నుంచి వచ్చిన, కిమోనో, యుకటా అనే అక్కడి సంప్రదాయ దుస్తులకి వాడే బట్టలతో మగవాళ్లకి చొక్కాలు కుట్టడం మొదలుపెట్టారు. 1935లో ముసా షియా అనే దుకాణం స్థానిక పత్రికలో ఇచ్చిన ప్రకటనలో ‘అలోహా షర్ట్’ అన్న పేరు కనిపిస్తుంది. తర్వాత కొద్ది కాలానికే హొనొలులులో బట్టల దుకాణం నడిపే ఎలరీ చున్ ఆ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించాడు. తొలి చొక్కాల మీద జపాన్ బొమ్మలే ఉండేవి. మందారాలు, కొబ్బరిచెట్లు, సముద్రపు అలలు బాగా పెరిగింది తర్వాతే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ చొక్కాకి పెద్ద వెలుగు వచ్చింది. 1948లో సొంత వ్యాపారం పెట్టిన ఆల్‌ఫ్రెడ్ షహీన్ బయటి నుంచి అచ్చు బట్ట తెప్పించుకునే బదులు హవాయిలోనే ప్రింటింగ్ పెట్టుకున్నాడు. 1951 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పూల చొక్కాతో లైఫ్ పత్రిక ముఖచిత్రం మీద కనిపించాడు.

ఆ కాలపు చొక్కాలకు అంత అందం ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే జవాబు రేయాన్. ఒంటిమీద జారుతున్నట్టు ఉంటుంది, రంగును గాఢంగా పట్టుకుంటుంది. ముతక కాటన్ మీద అవే బొమ్మలు అంత తళుక్కుమనవు. ఇంకో మలుపు 1960ల్లో వచ్చింది. పెద్ద పూల చొక్కా సెలవుల్లో బాగానే ఉంటుంది గానీ ఆఫీసులో వేసుకోవడానికి మొహమాటం. దానికి హవాయి తయారీదారులు కనిపెట్టిన మార్గం రివర్స్ ప్రింట్: అచ్చు వేసిన బట్టను తిరగేసి, వెనక వైపు బయటికి వచ్చేలా కుట్టడం. బొమ్మ అదే, సైజు అదే, రంగు మాత్రం ఎండకు వెలిసినట్టు మెత్తబడింది. ఇదే సమయంలో అక్కడి బట్టల తయారీదారుల సంఘం హవాయి ఫ్యాషన్ గిల్డ్ గట్టి ప్రచారం చేసింది. 1962లో అక్కడి చట్టసభ సభ్యులకు తలా రెండు చొక్కాలు పంచింది. 1966లో ‘అలోహా ఫ్రైడే’ మొదలై, శుక్రవారం ఆఫీసుకి ఈ చొక్కాతో రావడం మామూలైంది. బొమ్మల పేర్లు మాత్రమే రాసుకునే పరిశోధకుడికి 1955కీ 1968కీ తేడా దాదాపు కనిపించదు. రెండు చోట్లా మందారమే. కానీ మగవాడు పూలు వేసుకోవడానికి ఏ స్థలాలు ఒప్పుకున్నాయన్నది ఆ మధ్యలోనే మారింది, ఆ మార్పులో బట్టను తిరగేసిన పద్ధతికి పెద్ద పాత్ర ఉంది.

2013 జూన్‌లో, మరుసటి వేసవి కోసం ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాదా మిలాన్ ర్యాంప్ మీద ఉష్ణమండలపు ఆకులు, పూల చొక్కాలు చూపించింది. 2010ల చివరికొచ్చేసరికి ఈ రకం చొక్కాలు ప్రపంచమంతా చవక బ్రాండ్లలోకి దిగిపోయాయి. ర్యాంప్ నుంచి వీధికి దిగాయి కాబట్టి డిజైనర్లే ట్రెండ్ తెస్తారని తేల్చేయడం తొందరపాటు. ఆ దిగడం అంత వేగంగా, అంత చవగ్గా జరగడానికి అప్పటికే డిజిటల్ ప్రింటింగ్ సిద్ధంగా ఉంది. ఈ భాగాన్ని ఫ్యాషన్ రాతలు చాలా తక్కువగా పట్టించుకుంటాయి. అందుకని ఇక్కడ కొంచెం ఆగాలి.

మిల్లుల్లో ఎక్కువగా వాడే రోటరీ స్క్రీన్ ప్రింటింగ్ 1963లో వచ్చింది. సన్నటి చిల్లులున్న లోహపు గొట్టం తిరుగుతూ ఉంటే లోపలి నుంచి రంగు కారి కింద పరిగెత్తే బట్ట మీద పడుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో గొట్టం. మామూలుగా వాడే గొట్టం చుట్టుకొలత 64 సెంటీమీటర్లు. అంటే బట్ట పొడవునా 64 సెంటీమీటర్లకి ఒకసారి డిజైన్ మళ్లీ మొదలవ్వాలి, లేదా దాన్ని సమానంగా భాగించే 32, 21.3, 16 వంటి కొలతల్లో రిపీట్ కావాలి. ఎనిమిది రంగులంటే ఎనిమిది స్క్రీన్లు చెక్కించాలి. ఆ ఖర్చు రాబట్టాలంటే వందల మీటర్లు, ఒక్కోసారి వేల మీటర్లు వేయాలి. అంత బట్ట అమ్ముడుపోవాలి కాబట్టి మిల్లు తెగింపు చేయదు. నాలుగైదు రంగులు, చిన్న రిపీట్, అందరికీ నచ్చే బొమ్మ చాలనుకుంటుంది. కొన్ని దశాబ్దాల పాటు మన షాపుల్లో మగవాళ్ల ప్రింటెడ్ చొక్కా అంటే చిన్న చుక్కలు, చిన్న ఆకులు అన్నట్టు ఉండిపోవడానికి కుర్రాళ్ల అభిరుచి ఎంత కారణమో ఈ లెక్క కూడా అంత కారణం.

డిజిటల్ మెషీన్‌కి స్క్రీన్ అక్కర్లేదు. ఇంక్‌జెట్ పద్ధతిలో డిజైన్ కంప్యూటర్ ఫైలు నుంచి నేరుగా బట్ట మీదకి వెళ్తుంది. రిపీట్‌కి హద్దు లేదు, రంగుల సంఖ్యకి హద్దు లేదు, పది మీటర్లు వేసినా వేయొచ్చు. చొక్కా ముందు భాగమంతా పరుచుకునే పులి బొమ్మ, వీపంతా నిండే కొండల దృశ్యం, నీళ్లలో రంగు కలిసినట్టు ఒకదాంట్లోకి ఒకటి కరిగే షేడ్లు, ఇవన్నీ చవక చొక్కాల్లోకి వచ్చింది దీనివల్లే. బట్టను బట్టి ఇంకు మారుతుంది. కాటన్‌కీ రేయాన్‌కీ పోగుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ ఇంకు కావాలి, ముందు బట్టను సిద్ధం చేయాలి, తర్వాత ఆవిరి పట్టాలి, ఉతకాలి. పాలిస్టర్‌కైతే కాగితం మీద అచ్చు వేసి వేడితో బట్టకి ఎక్కించే సబ్లిమేషన్ సరిపోతుంది. నీటి ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. మండే ఎండల్లో కూడా కుర్రాళ్లు పాలిస్టర్ పెద్ద ప్రింట్ల చొక్కాలు వేసుకు తిరుగుతున్నారంటే, వాళ్లకి ఆ బట్ట ఇష్టమని అనుకోనక్కర్లేదు. వాళ్లు కోరుకున్న ప్రింటు వాళ్ల జేబుకి అందే ధరలో ఆ బట్ట మీదే దొరుకుతోంది. పరిశోధకుడు ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే తప్పుడు సలహా ఇస్తాడు.

అచ్చు పద్ధతే ప్రింటు సైజును నిర్ణయించడం కొత్త సంగతి కూడా కాదు. 17, 18 శతాబ్దాల్లో కోరమండల్ తీరం నుంచి, ముఖ్యంగా మచిలీపట్నం లాంటి రేవుల నుంచి, అద్దకం బట్టలు ఓడలెక్కి యూరప్ వెళ్లాయి. అక్కడి ధనిక పురుషులు ఇంట్లో వేసుకునే ‘బన్యన్’ అనే పొడవాటి అంగీలను ఈ పూల బట్టలతో కుట్టించుకునేవారు. పెద్ద పెద్ద లతలు, విచ్చుకున్న పూలు మగవాళ్ల ఒంటిమీద ఉండటం అప్పటి గొప్పతనానికి గుర్తు. వాటి గిరాకీ అక్కడి నేతగాళ్లను ఎంత భయపెట్టిందంటే, ఫ్రాన్స్ 1686లో ఈ రకం బట్టల మీద నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో దిగుమతిని ఆపే చట్టం చేసింది, 1721లో అచ్చు కాటన్ వాడకాన్ని కూడా చాలావరకు నిషేధించింది. కలంతో గీసిన పని కాబట్టి ఆ బట్టల మీద లత ఎంత దూరమైనా పాకేది. 1783లో థామస్ బెల్ రోలర్ ప్రింటింగ్‌కి పేటెంట్ తీసుకున్నాక లెక్క మారింది. రోలర్ చుట్టుకొలత ఎంతో డిజైన్ అంతే. చిన్న పూలు, చిన్న రిపీట్లు, చవక ధర. సరిగ్గా ఆ కాలం చుట్టుపక్కలే యూరప్ పురుషుల బట్టలు నలుపు, బూడిద రంగు సాదా సూట్లలోకి వెళ్లిపోయాయి. ఆ సాదాతనానికి రాజకీయ, సామాజిక కారణాలు చాలా ఉన్నాయి. అయినా చవగ్గా అందరికీ దొరికే ప్రింటు గొప్పతనానికి గుర్తుగా మిగలదన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ కనిపిస్తున్నదే.

సమాచారం ఎక్కడ వెతకాలన్న సంగతికి వద్దాం. పెద్ద కంపెనీలు ముందస్తు అంచనాలు కొనుక్కుంటాయి. 1998లో లండన్‌లో మొదలైన డబ్ల్యూజీఎస్ఎన్ లాంటి సంస్థలు రాబోయే రంగులు, ప్రింట్ల గురించి చందా మీద నివేదికలు ఇస్తాయి. బట్టల కోసం పారిస్‌లో 1973 నుంచి ప్రీమియర్ విజన్ ప్రదర్శన, పురుషుల దుస్తుల కోసం ఫ్లోరెన్స్‌లో 1972 నుంచి పిట్టీ ఉయోమో జరుగుతున్నాయి. మన దేశపు బట్టల అలవాట్లను ఆధారం చేసుకుని నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) విజియోనెక్స్ట్ పేరుతో ట్రెండ్ అంచనాలు ఇస్తోంది. ఈ ప్రయత్నం ఎంతో అవసరమైనది. విదేశీ నివేదికల్లోని ‘స్ప్రింగ్ సమ్మర్’, ‘ఆటమ్ వింటర్’ విభజన మన బజారుకి నప్పదు కదా.

తెలుగు రాష్ట్రాల్లో మగపిల్లల బట్టల కొనుగోళ్లు సంక్రాంతికి, పెళ్లిళ్ల ముహూర్తాలకి, దసరా దీపావళికి, హైదరాబాద్‌లో ఇంకా రంజాన్‌కి పెరుగుతాయి. వీటిలో చాలావరకు ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఒకచోట ఉండవు. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో శ్రావణమాసపు పెళ్లిళ్లు ఆగస్టు రెండో సగం దాకా ఆగాయి. కిందటేడు జులై అమ్మకాలను ఈ ఏడు జులైతో పోల్చి ‘ప్రింట్లు పడిపోయాయి’ అని రాసేవాళ్లు ముందు పంచాంగం చూసుకోవాలి. పోల్చాల్సింది ముహూర్తాల కాలాన్ని ముహూర్తాల కాలంతో.

ఉచితంగా దొరికే సాధనాల్లో అందరూ వాడేది గూగుల్ ట్రెండ్స్. 2004 నుంచి సమాచారం ఉంది, రాష్ట్రాల వారీగా కూడా చూడొచ్చు. అందులో కనిపించే 0 నుంచి 100 అంకెలు ఎంతమంది వెతికారన్న సంఖ్యలు కావు. ఎంచుకున్న ప్రాంతంలో, ఎంచుకున్న కాలంలో ఆ మాట వాటా ఎక్కడ అత్యధికంగా ఉందో దాన్ని 100 అనుకుని మిగతాది దానితో పోల్చి చూపిస్తారు. అందుకే ఒక చొక్కా పేరు 100 తాకిందంటే జనం విపరీతంగా కొన్నారని అర్థం కాదు. పైగా వెతికేవాడు వాడే మాట అందులో పెద్ద పాత్ర పోషిస్తుంది. ‘క్యూబన్ కాలర్’ అన్న పేరు ఎరగని కుర్రాడు అదే చొక్కా కోసం ‘గోవా షర్ట్’ అని వెతుకుతాడు. నాలుగైదు పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ గీతలకి విలువ.

ఇన్‌స్టాగ్రామ్, ఆన్‌లైన్ షాపుల ఫొటోలకి ఇంకో పక్షపాతం ఉంది. ఫోన్ తెర మీద చొక్కా బొటనవేలంత కనిపిస్తుంది. ఆ సైజులో సన్నటి చుక్కల చొక్కా సాదా చొక్కాలా ఉంటుంది, పెద్ద కాంట్రాస్ట్ ప్రింటు మాత్రం చూపు లాగుతుంది. దగ్గర దగ్గర చారలు, సన్నటి గళ్లు కెమెరాలో అలలు అలలుగా వణుకుతాయి కాబట్టి ఫొటోలకి, వీడియోలకి వాటిని పక్కన పెట్టేస్తారు. దాంతో ఆన్‌లైన్ చూసినవాళ్లకి కుర్రాళ్లంతా పెద్ద ప్రింట్లే వేసుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఏ ఇంజినీరింగ్ కాలేజీ గేటు దగ్గరైనా నిలబడి చూస్తే సాదా టీషర్టులు, చిన్న గళ్లు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

అందుకే చేత్తో లెక్కపెట్టే పాత పద్ధతిని మించింది ఇప్పటికీ లేదు. ఒకే చోట, ఒకే సమయంలో, కొన్ని నెలల వ్యవధిలో మళ్లీ మళ్లీ లెక్కించాలి. సాదా చొక్కాలను కూడా లెక్కలో వేయాలి, లేకపోతే ప్రింట్లు పెరిగాయో లేదో చెప్పడానికి ఆధారమే ఉండదు. కంటికి నచ్చినవి రాసుకుని మిగతావి వదిలేసే అలవాటు పరిశోధనను పాడుచేస్తుంది. కాలేజీ గేటు, బస్టాండ్, పెళ్లి మంటపం వేర్వేరు లెక్కలు. పెళ్లిళ్లలో ఇప్పుడు స్నేహితుల బృందమంతా ఒకే ప్రింటు కుర్తాలో, చొక్కాలో కనిపిస్తుంది. అక్కడ పది చొక్కాలు పది నిర్ణయాలు కావు, ఒకటే నిర్ణయం. లెక్కలో దాన్ని ఒకటిగానే వేయాలి.

షాపుల్లో అడగాల్సిన ప్రశ్న ‘ఏది ట్రెండ్?’ అని కాదు. దానికి ఏ షాపు యజమానైనా తన దగ్గర ఎక్కువగా ఉన్న స్టాకునే చూపిస్తాడు. ‘ఏది మళ్లీ ఆర్డర్ పెట్టారు, ఏది సైజుల సెట్ పగలకుండా మిగిలిపోయింది?’ అని అడగాలి. ఎం, ఎల్ సైజులు అయిపోయి డబుల్ ఎక్సెల్ ఒక్కటే మిగిలితే ఆ ప్రింటు నడిచినట్టు. అన్ని సైజులూ అలాగే ఉంటే అది డెడ్ స్టాక్. మన దగ్గర దీనికి బంగారం లాంటి సమయం ఆషాఢం సేల్. తగ్గింపు ర్యాకులో వేలాడే చొక్కాలన్నీ ఎవరో ఒకరు నడుస్తుందని నమ్మి తెప్పించినవే, నడవనివే. అవి ఎందుకు నడవలేదో, సైజు వల్లా, బేస్ కలర్ వల్లా, బట్ట గరుకు వల్లా అని ఒక్కొక్కటీ రాసుకుంటే ఆ నోట్సు ఖరీదైన నివేదికకి తీసిపోదు.

చొక్కాను చేతిలోకి తీసుకుని చూడటం కూడా నేర్చుకోవాలి. జేబు మీద డిజైన్ ఛాతీ మీద డిజైన్‌తో కలిసిందా? గుండీల పట్టీ దగ్గర పువ్వు తెగిపోయిందా? పెద్ద ప్రింటును అలా కలపాలంటే బట్ట ఎక్కువ పోతుంది. టైలర్లు హాఫ్ చేతుల చొక్కాకి మామూలుగా అడిగే బట్ట, ప్రింటు కలపాలంటే చాలదు. కాబట్టి చవక చొక్కాల్లో పెద్ద ప్రింటు ఎప్పుడూ తెగే ఉంటుంది. ఒక ప్రింటు తెగినా బాగుందనిపిస్తే అది కింది మార్కెట్‌లోకి దిగుతుంది, తెగితే పాడయ్యేది పైనే ఆగిపోతుంది. తర్వాత బట్ట వెనక వైపు చూడాలి. ఇక్కత్ అయితే నూలుకే ముందు రంగు అద్ది నేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు ఈకల్లా చెదిరి ఉంటాయి. ఇక్కత్ డిజైన్‌ను ప్రింటు వేసి అమ్మే బట్ట వెనక వైపు సాధారణంగా వెలవెలబోతుంది. పోచంపల్లి ఇక్కత్‌కీ, పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ అనే ఇక్కత్ బట్టకీ భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. అయినా వాటి బొమ్మలు పాలిస్టర్ మీదకి ఎక్కి చాలా తక్కువ ధరకి అమ్ముడవుతున్నాయి. పరిశోధకుడు ఈ రెండింటినీ ‘ఇక్కత్ ట్రెండ్’ అని కలిపి రాస్తే, నేతగాడి దగ్గరికి చేరని గిరాకీని చేరినట్టు రాసినవాడవుతాడు. ఇది చిన్న పొరపాటు కాదు, ఒక వృత్తికి అన్యాయం.

కలంకారీ సంగతీ అంతే. కృష్ణా జిల్లా పెడనలో అచ్చు వేసే బట్టకి ముందు గంజి తీయాలి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నలుపు, పటికతో ఎరుపుకి పునాది వేసి, తర్వాత ఉడికించి రంగు తేల్చాలి, పారే నీళ్లలో జాడించాలి. చెక్క అచ్చు చేత్తో ఎత్తి దించగలిగినంతే ఉంటుంది కాబట్టి బొమ్మకీ ఒక హద్దు ఉంటుంది. అచ్చు అచ్చుకీ కలిసే చోట వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఆ తేడా ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. స్క్రీన్ మీద వేసిన నకలు కలంకారీలో తప్పు ఉంటే అదే తప్పు ప్రతి రిపీట్‌లోనూ సరిగ్గా అదే చోట వస్తుంది. మీటరున్నర బట్ట పరిచి చూస్తే చాలు, ఎవరైనా పట్టుకోగలరు.

పెడన కార్ఖానాలకి అందాల్సిన సమాచారం కూడా ఈ రకందే. కుర్రాళ్లు నెమళ్లు కోరుతున్నారా, చక్రాలు కోరుతున్నారా అన్నది వాళ్లకి పెద్దగా ఉపయోగపడదు, రెండింటి అచ్చులూ వాళ్ల దగ్గర ఉంటాయి. చొక్కాల కోసం బొమ్మ సగానికి తగ్గాలా, ఎర్ర బేస్ బదులు ముదురు నలుపు అడుగుతున్నారా, పలచటి కాటన్ కావాలా, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ ఎంత ఉండాలి అన్నది కొలతలతో చెప్పాలి. ఎందుకంటే సైజు మారిందంటే కొత్త చెక్క మీద కొత్త అచ్చు చెక్కాలి, ఒక డిజైన్‌లో ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు. ఆ తర్వాత వానలు మొదలైతే అద్దిన బట్ట ఆరదు. సంక్రాంతి అమ్మకాలకి కావాల్సిన కబురు వాళ్లకి ఎండాకాలంలోనే చేరాలి.